కదలని కణం, వెలగని తోక

సంతానం కోసం ఆస్పత్రికి వెళ్లిన దంపతుల చేతికి మొదట వచ్చే కాగితాల్లో వీర్య పరీక్ష రిపోర్టు ఒకటి. కణాల సంఖ్య, ఆకారం, కదలిక అందులోని ముఖ్యమైన గడులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెచ్చిన ఆరో కూర్పు ప్రకారం మొత్తం కదలికకు 42 శాతం, ముందుకు సాగే కదలికకు 30 శాతం కింది హద్దులు. కొందరి రిపోర్టులో ఆ గడిలో సున్నానో, ఒకటో రెండో ఉంటుంది. సంఖ్య బాగానే ఉంటుంది, కణాలు బతికే ఉంటాయి, కానీ కదలవు. ఎందుకు కదలవో ఆ కాగితం చెప్పదు. మామూలు మైక్రోస్కోపులో తోక పొట్టిగా ఉందనో, చుట్టుకుపోయిందనో తెలుస్తుంది. లోపల ఏ భాగం లోపించిందో మాత్రం తెలియదు. ఆ భాగాన్ని పేరుపెట్టి చెప్పడానికి పరిశోధకులు గత ఇరవై ఏళ్లుగా యాంటీబాడీలను వాడుతున్నారు. ఆ పద్ధతి ఎంతవరకు వచ్చింది, దాని మాట ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ల్యాబుల జాబితాల్లో ‘యాంటీ స్పెర్మ్ యాంటీబాడీ’ అని ఒక పరీక్ష కనిపిస్తుంది. అది వేరు. మన ఒంటి రోగనిరోధక వ్యవస్థే వీర్యకణాల మీదికి వదిలిన యాంటీబాడీలు ఉన్నాయా అని చూసే పరీక్ష అది. ఇక్కడ మాట్లాడుకునేవి కుందేళ్లలోనో ఎలుకల్లోనో తయారుచేయించి, సీసాల్లో కొనుక్కొచ్చి, గాజు స్లైడు మీద మాత్రమే వాడేవి. రోగి ఒంట్లోకి అవి వెళ్లవు.

మనిషి వీర్యకణం పొడవు సుమారు 60 మైక్రాన్లు. తల నాలుగైదు మైక్రాన్లే, మిగిలిందంతా దాదాపు తోకే. తోక నడుమ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఆక్సోనీమ్ అనే సూక్ష్మనాళికల కట్ట ఉంటుంది. చుట్టూ తొమ్మిది జంట నాళికలు, మధ్యలో రెండు విడి నాళికలు. జీవశాస్త్ర పుస్తకాల్లో ‘9+2’ అని చదువుకున్నది ఇదే. ప్రతి జంట నాళిక నుంచి రెండు వరుసల డైనీన్ చేతులు పొడుచుకొచ్చి ఉంటాయి. బయటి చేతులు ఒక వరుస, లోపలి చేతులు ఇంకో వరుస. ఈ చేతులు కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుచేసి పక్క జంటను లాగుతాయి, ఆ లాగుడుకే తోక వంగుతుంది. జంట నాళికలకూ మధ్యలోని రెంటికీ నడుమ రేడియల్ స్పోక్‌లు, జంటకూ జంటకూ మధ్య నెక్సిన్ లంకెలు ఉంటాయి. దీని మీద తొమ్మిది దట్టమైన నారలు, తల దగ్గరి భాగంలో మైటోకాండ్రియా చుట్ట, దాని తర్వాత పొడుగునా పీచు తొడుగు. చుట్టకూ తొడుగుకూ హద్దులో ఆన్యులస్ అనే ఉంగరం. బయటి చేతులు 24 నానోమీటర్లకు ఒకటి చొప్పున వస్తాయి, 96 నానోమీటర్లకోసారి మొత్తం అమరిక మళ్లీ మొదటికొస్తుంది. ఇందులో వందల రకాల ప్రోటీన్లు పాలుపంచుకుంటాయి. వాటిలో ఏ ఒక్కటి చెడినా కదలిక చెడవచ్చు.

ఈ కథ వీర్యకణంతో మొదలు కాలేదు, దగ్గుతో మొదలైంది. గుండె కుడివైపు ఉండటం, తెగని సైనసైటిస్, ఊపిరితిత్తుల గొట్టాలు సాగిపోయి కఫం నిలిచిపోవడం, ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి కనిపించడాన్ని 1904లో కీవ్‌లో సీవర్ట్, 1933లో జ్యూరిచ్‌లో కార్టజనర్ నమోదు చేశారు. ఆ మూడింటికీ సంబంధమేమిటో నలభై ఏళ్లపాటు ఎవరికీ అంతుపట్టలేదు. స్వీడన్‌లో బ్యోర్న్ అఫ్జేలియస్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నిపుణుడు. సముద్రపు అర్చిన్ల వీర్యకణాల తోకలో ఈ చేతులను 1959లోనే వర్ణించినవాడు. కదలని వీర్యకణాలున్న మగవాళ్లను ఆయన పరిశీలిస్తే తోకల్లో డైనీన్ చేతులే లేవు. వాళ్లలో చాలామందికి గుండె కుడివైపు ఉంది, చిన్నప్పటి నుంచి దగ్గు ఉంది. శ్వాసనాళాల గోడ మీద సీలియా అనే సన్నని వెంట్రుకల్లోనూ, వీర్యకణం తోకలోనూ ఉన్నది ఒకే రకం ఆక్సోనీమ్ అని, అది చెడితే రెండు చోట్లా దెబ్బే అని 1976లో ‘సైన్స్’ పత్రికలో ఆయన రాశారు. పిండదశలో గుండె ఏ పక్కకు తిరగాలో నిర్ణయించేదీ సీలియాయే. అది ఆడకపోతే పక్క నిర్ణయం కాకతాళీయమవుతుంది, అందుకే ఈ జబ్బున్నవాళ్లలో సుమారు సగం మందికే అవయవాలు తారుమారవుతాయి. ఇప్పుడు దీన్ని ప్రైమరీ సిలియరీ డిస్కైనీసియా అంటున్నారు, యాభైకి పైగా జన్యువులు దీనికి కారణమని తేలింది.

అఫ్జేలియస్ వాడిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే చాలాకాలం ఏకైక సాధనం. దాని చూపు పదును దేనికీ లేదు. కానీ దానికి కణాలను రెజిన్‌లో పోతపోసి, నానోమీటర్ల మందం ముక్కలుగా కోయాలి. ఆ ముక్కలో ఒక తోక అడ్డంగా తెగుతుంది, ఇంకోటి నిలువుగా, మరోటి ఏటవాలుగా. సరిగ్గా అడ్డంగా తెగినవాటినే లెక్కపెట్టగలం. ఒక తోకలో చూసేది ఒక్క అడ్డకోత. ఆ తోక మిగతా పొడవంతా ఎలా ఉందో తెలియదు. పైగా చెయ్యి లేదని తెలుస్తుంది గానీ, చేతిలోని ఏ ప్రోటీను లేదో తెలియదు. వీర్యంలో కణాలు తక్కువగా ఉన్నవాళ్లలో కోయడానికి సరిపడా సరుకే దొరకదు.

ఇక్కడే యాంటీబాడీ పనికొచ్చింది. ఒక ప్రోటీనును మాత్రమే పట్టుకునే యాంటీబాడీకి వెలిగే రంగు తగిలించి కణాన్ని చూడటం కొత్త ఆలోచన కాదు. ఆల్బర్ట్ కూన్స్ దీన్ని 1941లోనే చేసి చూపాడు. ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి కోలర్, మిల్‌స్టీన్‌లు 1975లో వేశారు. లేనిదల్లా తోకలోని ప్రోటీన్ల పేర్ల జాబితా. జన్యు పరిశోధన ఆ జాబితాను ఇచ్చాక 2005లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ బృందం ముక్కులోంచి తీసిన కణాల్లో డీఎన్‌ఏహెచ్5, డీఎన్‌ఏహెచ్9 అనే డైనీన్ ప్రోటీన్లకు యాంటీబాడీలు వాడి, రోగుల సీలియాలో అవి ఉండాల్సినచోట లేవని చూపింది. అక్కడి నుంచి పద్ధతి వీర్యకణాల వైపు మళ్లింది.

పని చేసే తీరు ఇది. వీర్యాన్ని ఉప్పునీటి బఫరులో కడిగి, కణాలను పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచి, గాజు స్లైడు మీద పరుస్తారు. పొరలో రంధ్రాలు పడేలా డిటర్జెంటు పోస్తారు, లేకపోతే యాంటీబాడీ లోపలికి పోదు. కనబడినదానికల్లా అంటుకోకుండా సీరమ్‌తోనో ఆల్బుమిన్‌తోనో ఖాళీలు పూడుస్తారు. మొదటి యాంటీబాడీ వేసి మామూలుగా రాత్రంతా చలిపెట్టెలో ఉంచుతారు. మర్నాడు కడిగి, మొదటిదాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీని వేస్తారు. వెలిగే రంగు దీనికే ఉంటుంది. తలలోని డీఎన్‌ఏకు నీలం, తోక పొడవంతా ఉండే ట్యూబ్యులిన్‌కు ఎరుపు, వెతుకుతున్న ప్రోటీనుకు ఆకుపచ్చ, ఇలా మూడు రంగులు పెట్టుకోవడం వాడుక.

మామూలు మనిషి కణాన్ని ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపులో చూస్తే నీలం తల, దాని కింద ఎరుపు తోక, ఎరుపు మీద ఆకుపచ్చ పడి తోక పొడవంతా పసుపు గీతగా వెలుగుతుంది. బయటి డైనీన్ చేయి లేని కణంలో తోక ఎర్రగానే ఉండిపోతుంది, ఆకుపచ్చ రాదు. తోక ఉంది, చేతిలోని ప్రోటీను లేదు అన్నమాట. ఎరుపు కూడా చూడటానికి కారణం ఇదే. అది లేకుండా ఆకుపచ్చ ఒక్కటే చూస్తే, రంగు రాకపోవడం తోక లేకనా, ప్రోటీను లేకనా, యాంటీబాడీ లోపలికి పోకనా అన్నది తేలదు. ఒకే స్లైడు మీద వందల కణాలను ఈ పద్ధతిలో చూడవచ్చు. ప్రతి కణం తోకనూ మొత్తం పొడవునా చూడవచ్చు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు ఈ రెండూ చేతకావు.

వాడే యాంటీబాడీల జాబితా ఇప్పుడు కొంత స్థిరపడింది. బయటి చేతికి డీఎన్‌ఏఐ1 లేదా డీఎన్‌ఏఐ2, లోపలి చేతికి డీఎన్‌ఏఎల్ఐ1, రేడియల్ స్పోక్‌కు ఆర్‌ఎస్‌పీహెచ్1, నెక్సిన్ లంకెకు గ్యాస్8, మధ్యలోని రెండు విడి నాళికలకు, అంటే మధ్య జంటకు స్పాగ్6, పీచు తొడుగుకు ఏకేఏపీ4, ఉంగరానికి సెప్టిన్4 లాంటివి. ఇందులో ఉంగరం సంగతి చక్కగా చెప్పే ఉదాహరణ. అది లేకపోతే తోక మైటోకాండ్రియా చుట్టకూ పీచు తొడుగుకూ మధ్య హద్దు దగ్గర విరిగినట్టు వంగిపోతుంది. సెప్టిన్ యాంటీబాడీ వేస్తే ఆరోగ్యవంతుడి కణంలో హద్దు దగ్గర ఒక్క చుక్క వెలుగుతుంది, చెడిన కణంలో ఆ చుక్క ఉండదు. ఒకే ఒక్క చుక్క కాబట్టి తికమకకు చోటు తక్కువ.

మిగతాచోట్ల చాలా తికమకే ఉంది. అన్నిటికన్నా ముందు మోసపోయే చోటు శ్వాసనాళానికీ వీర్యకణానికీ మధ్య ఉన్న తేడా. అఫ్జేలియస్ ‘రెండూ ఒకటే’ అన్నది చాలావరకు నిజం, పూర్తిగా కాదు. శ్వాసనాళంలో బయటి చేతిలోని బరువైన ప్రోటీన్లు డీఎన్‌ఏహెచ్5, దానికి జతగా డీఎన్‌ఏహెచ్9 లేదా డీఎన్‌ఏహెచ్11. వీర్యకణంలో అదే స్థానంలో డీఎన్‌ఏహెచ్8, డీఎన్‌ఏహెచ్17 పనిచేస్తాయి. 2019లో డీఎన్‌ఏహెచ్17 దోషమున్న మగవాళ్లను వర్ణించినప్పుడు వాళ్ల ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, తోకలే చెడ్డాయి. ఊపిరితిత్తుల ల్యాబు కోసం కూర్చిన యాంటీబాడీల పెట్టెను యథాతథంగా తెచ్చి వీర్యకణం మీద వాడితే, ఆరోగ్యవంతుడి తోక కూడా చీకటిగానే కనిపించవచ్చు. సీలియా జబ్బున్న మగవాళ్లందరూ సంతానహీనులు కాకపోవడానికి కూడా ఈ తేడాయే ఒక కారణం. ఊపిరితిత్తుల డాక్టరు ‘మీకు పిల్లలు పుట్టరు’ అని ముందే తేల్చేయడం తొందరపాటు.

రెండో తికమక మరింత లోతైనది. 2014లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ బృందం డీఎన్‌ఏహెచ్1 అనే జన్యువు చెడితే కణాల తోకలు పొట్టిగా, చుట్టుకుపోయి, వంకరగా, కొన్నిచోట్ల లావుగా కొన్నిచోట్ల సన్నంగా, అసలు లేకుండా, ఇలా అన్ని రకాలుగా చెడుతాయని చూపింది. దానికి ‘తోకల బహుళ ఆకార లోపాలు’ అని అర్థమిచ్చే పేరు పెట్టి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఎంఎంఏఎఫ్ అని పిలిచారు. అర్జెంటీనాలో హెక్టర్ కెమెస్ 1980లలోనే ఇలాంటి తోకలను పీచు తొడుగు వైకల్యం అని వర్ణించి ఉన్నాడు. తర్వాతి ఏళ్లలో సీఎఫ్‌ఏపీ43, సీఎఫ్‌ఏపీ44, క్యూరిచ్2, టీటీసీ29, స్పెఫ్2 అంటూ జన్యువుల జాబితా పెరుగుతూ పోయింది. డీఎన్‌ఏహెచ్1 లోపలి చేతికి చెందిన ప్రోటీను. కానీ అది చెడిన చాలా తోకల్లో మధ్య జంటకు గుర్తయిన స్పాగ్6 కూడా సరిగ్గా వెలగదు, ఎందుకంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోనూ అలాంటి తోకల్లో చాలావాటికి మధ్య జంట ఉండదు. సీఎఫ్‌ఏపీ43, 44 చెడినా స్పాగ్6 వెలగదు. అంటే వేర్వేరు జన్యువుల దోషానికి స్లైడు మీద ఒకే చీకటి. దూలం లేని ఇంట్లో వాసాలు నిలవవు, వాసాలు కనబడలేదని వడ్రంగి వాసాలు పెట్టడం మరిచాడని చెప్పలేం. స్పాగ్6 వెలగలేదు కాబట్టి స్పాగ్6 జన్యువే చెడిందని రాసే రిపోర్టు తప్పు రిపోర్టు.

దీనికి ఎదురు తికమక కూడా ఉంది. జన్యువులో ఒక్క అక్షరం మారి, ప్రోటీను తయారవుతూనే పని మాత్రం చేయకపోతే? యాంటీబాడీకి ప్రోటీను పనితనంతో పట్టింపు లేదు, ఆకారంలో ఒక ముక్క చిక్కితే చాలు, పట్టుకుంటుంది. తోక నిండా వెలుగు, కదలిక సున్నా. లండన్ రాయల్ బ్రాంప్టన్ ఆస్పత్రి పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు ఖాయమైన రోగుల్లోనే కొందరి కణాలు యాంటీబాడీ పరీక్షలో మామూలుగా కనిపించాయి. అది ముక్కు కణాల మీద చేసిన పని. వీర్యకణంలో పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందనుకోలేం. పైగా తోకలోకి కాల్షియాన్ని పంపే క్యాట్‌స్పర్ లాంటి ద్వారాలు చెడినప్పుడు నిర్మాణమంతా సరిగ్గానే ఉంటుంది. అది నిర్మాణ లోపం కాదు, నిర్మాణాన్ని చూసే పరీక్షకు అది కనబడదు.

ఇక వీర్యకణం మామూలు కణం కూడా కాదు. వృషణం నుంచి బయటికి వచ్చే దారిలో ఎపిడిడిమిస్‌లో దాని నారలు, తొడుగు సల్ఫర్ బంధాలతో బిగుసుకుపోతాయి. మైటోకాండ్రియా చుట్ట ఉన్నచోట యాంటీబాడీ చొరబడటం కష్టం. అక్కడ వెలగకపోతే ప్రోటీను లేదనడానికి వీల్లేదు, దారి దొరకలేదేమో. కొన్ని ల్యాబులు బంధాలు సడలించే రసాయనం వాడి చూస్తాయి. మరోపక్క, కుందేలు సీరమ్ నుంచి తీసిన యాంటీబాడీలు తలమీది ఆక్రోసోమ్‌కు ఏ కారణమూ లేకుండా అంటుకుంటుంటాయి. ఆ వెలుగును నిజమని నమ్మి ‘ఈ ప్రోటీను తలలో కూడా ఉంది’ అని రాసిన పత్రాలు లేకపోలేదు. సీసా మీద రాసిన పేరు చూసి యాంటీబాడీని నమ్మడం జీవశాస్త్రమంతటా పాత జబ్బే. దీనికి ఉన్న మందు ఒక్కటే. ఆ ప్రోటీను ఖాయంగా లేని మనిషి కణాల మీద అదే యాంటీబాడీ చీకటిగా ఉంటుందని ముందు చూపాలి. అలాంటి మనుషులు అరుదు కాబట్టి చాలా ల్యాబులు ఈ మెట్టు దాటేస్తాయి.

లెక్క ఎలా పెట్టాలన్నదీ ఇంకా అందరూ ఒప్పుకున్న విషయం కాదు. మామూలు ఆకారం ఉన్న కణాలు 4 శాతం ఉంటే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే పిల్లలున్న మగవాడి వీర్యంలో కూడా ఎక్కువ కణాలు ఏదో ఒక లోపంతోనే ఉంటాయి. కాబట్టి పది కణాలు వెలగలేదని దోషం తేల్చలేం. కెమెస్ చేసిన విభజన ఇక్కడ ఇప్పటికీ దారి చూపుతుంది. వృషణాల సిరలు ఉబ్బే వేరికోసీల్, ఇన్ఫెక్షన్, వేడి లాంటి కారణాల వల్ల చెడిన తోకలు కలగాపులగంగా ఉంటాయి: ఒక కణంలో ఒకటి, ఇంకో కణంలో మరోటి, నెలకోరకంగా మారుతూ. జన్యు దోషం ఉన్నచోట దాదాపు ప్రతి కణంలోనూ ఒకే భాగం ఉండదు, ఎప్పుడు చూసినా అంతే. వందల కణాలను చూడగల యాంటీబాడీ పద్ధతికి నిజమైన బలం ఈ తేడాను పట్టుకోవడంలోనే ఉందని నా అభిప్రాయం.

చూపు పదును సంగతి. కాంతి మైక్రోస్కోపు రెండు వందల నానోమీటర్ల కన్నా దగ్గరి వస్తువులను విడదీయలేదు. ఆక్సోనీమ్ వెడల్పు మొత్తం దాదాపు అంతే. కాబట్టి ప్రోటీను తోకలో ఉందని చెప్పగలం గానీ, తొమ్మిది జంటల్లో ఏ జంట మీద ఉందో చెప్పలేం. ఇటీవల కణాన్నే జెల్లీలో నాలుగింతలకు ఉబ్బించి అప్పుడు యాంటీబాడీ వేసే పద్ధతి వచ్చింది. జెనీవాలోని గిషార్, హమెల్‌ల బృందం 2019లో దీన్ని సూక్ష్మనాళికలకు పనికొచ్చేలా మలిచింది. ఉబ్బిన తోకలో జంటలు విడివిడిగా కనిపిస్తాయి, బిగుసుకున్న చోట్లకు యాంటీబాడీ చేరడమూ తేలికవుతుంది. ఖరీదైన యంత్రం కూడా అక్కర్లేదు. రాబోయే రోజుల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పనిలో కొంత భాగం దీని చేతికి వస్తుందనిపిస్తుంది.

ఇదంతా తెలిసి దంపతులకు ఒరిగేదేమిటన్నది న్యాయమైన ప్రశ్న. కదలని కణాన్ని కూడా సూదితో అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి 1992లో బ్రస్సెల్స్‌లో ఫలించింది. తోక ఎలా చెడినా ఇక్సీయే చేస్తారు కదా అని చాలామంది డాక్టర్ల వాదన. అది సగమే నిజం. 2016లో గ్రెనోబుల్ బృందం డీఎన్‌ఏహెచ్1 దోషమున్నవాళ్లకు ఇక్సీలో ఫలితాలు బాగున్నాయని చూపింది. మరోవైపు తోక మొదట్లోని సెంట్రియోల్‌కు సంబంధించిన సెప్135 చెడిన ఒక వ్యక్తి కణాలతో ఇక్సీ చేస్తే గర్భం నిలవలేదని 2017లో చైనా పరిశోధకులు రాశారు. మనిషి పిండానికి సెంట్రియోల్ తండ్రి కణం నుంచే వస్తుంది కాబట్టి ఇది అర్థం చేసుకోదగిందే. ఏ భాగం చెడిందో తెలిస్తే, లక్షలు పోసి ఎన్నిసార్లు ప్రయత్నించాలో, ఎక్కడ ఆగాలో చెప్పడానికి ఆధారం దొరుకుతుంది.

మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. తోక లోపాల్లో ఎక్కువ భాగం తల్లి నుంచి, తండ్రి నుంచి చెరొక చెడ్డ ప్రతి వస్తేనే బయటపడతాయి. మొదట వీటిని పట్టుకున్న కుటుంబాల్లో చాలా భాగం ఉత్తర ఆఫ్రికాలో దగ్గరి బంధువుల్లో పెళ్లిళ్లు చేసుకున్నవే. ఆంధ్ర, తెలంగాణల్లో మేనరికాలు, మేనమామ-మేనకోడలి పెళ్లిళ్లు ఈనాటికీ ఉన్నాయి. మేనరికంలో పుట్టిన బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి, మేనమామ పెళ్లిలో ఎనిమిదింట ఒకటి. మేనరికం లేకపోయినా కులం లోపలే పెళ్లిళ్లు తరతరాలుగా సాగినచోట ఫలితం కొంత అలాగే ఉంటుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్ భాగస్వామిగా 2017లో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాలో ఇలాంటి సమూహాలు అనేకం ఉన్నాయని చూపింది. మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక మందును కొందరు వైశ్యుల ఒళ్లు తట్టుకోలేకపోవడం అందులో చెప్పిన ఉదాహరణ. సీసీఎంబీలో సంతానలేమి మీద ఏళ్లుగా పని జరిగింది. అందులో పేరొచ్చిన భాగం వై క్రోమోజోమ్ లోపాల గురించి, అంటే కణాల సంఖ్య తగ్గడం గురించి. తోకల మీద కూడా అలాంటి పని ఇక్కడ జరగడానికి కావలసిన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి.

నా తీర్పు ఇది. యాంటీబాడీ పరీక్షను అందరికీ మొదటి పరీక్షగా పెట్టడం డబ్బు దండగ. అన్ని కణాల్లో ఒకే రకం లోపం కనిపిస్తే ముందు జన్యు పరీక్ష చేయాలి. అందులో ‘అర్థం తేలని మార్పు’ అని వస్తే, ఆ మార్పు వల్ల నిజంగా ప్రోటీను పోయిందా లేదా అన్న సాక్ష్యం యాంటీబాడీ దగ్గర ఉంది. అక్కడ దానికి సాటి లేదు. రిపోర్టులో ఏ యాంటీబాడీ వాడారు, ఎన్ని కణాలు లెక్కపెట్టారు, పక్కన పిల్లలున్న మగవాడి కణాల స్లైడు పెట్టారా అన్న మూడు సంగతులు లేకపోతే ఆ రిపోర్టుకు విలువ లేదు.

కదలిక సున్నా అని వచ్చిన పాఠకులు ముందుగా ఆ కణాలు బతికి ఉన్నాయో లేదో చూసే పరీక్ష చేశారా అని అడగండి. చచ్చిన కణాలు కదలకపోవడం వేరే కథ. చిన్నప్పటి నుంచి దగ్గు, సైనస్, చెవి కారడం ఉంటే చెప్పండి. అమ్మానాన్నలది మేనరికమైతే అదీ చెప్పండి. ఈ రెండు సంగతులూ డాక్టరు అడగకపోతే మీరే ఎత్తండి.